రాష్ట్ర వృక్షం వేప, రాష్ట్ర పుష్పం మల్లె: మరి వేపపువ్వు సంగతి ఏమిటి?

సత్యనారాయణపురం వాసి (విజయవాడ)

సభ్యులందరికీ నమస్కారం. ఉగాది వెళ్లి నాలుగు రోజులైంది. ఈ సంవత్సరం మా ఇంట్లో పచ్చడి దాదాపు వేపపువ్వు లేకుండానే కలిపాము. పండుగ ముందు రోజు సాయంత్రం పటమట రైతు బజారుకు వెళితే కొత్త చింతపండు, కొత్త బెల్లం, మామిడి పిందెలు కుప్పలుగా ఉన్నాయి గానీ, వేపపూత మాత్రం ఒకే ఒక పెద్దామె గంపలో కనిపించింది. గుప్పెడు రెమ్మలు ఇరవై రూపాయలకు కొని తెచ్చి పళ్లెంలో దులిపితే చెంచాడు మొగ్గలు కూడా రాలలేదు. మా అమ్మగారు ఆ మొగ్గలనే నైవేద్యపు గిన్నెలో వేసి, "మన వీధిలో చెట్టు ఉన్నన్నాళ్లూ పువ్వు కొనాలన్న ఆలోచనే రాలేదు" అని ఊరుకున్నారు.

ఆ చెట్టును కాలువ పనుల్లో కొట్టివేసి చాలా కాలమైంది. దాని తరువాత మా ప్రాంతంలో నాటిన మొక్కలన్నీ కోనోకార్పస్, గుల్‌మొహర్ వంటివే. రెండూ బయటి దేశాల నుంచి వచ్చినవి. రెండింటి నుంచీ వంటింటికి వచ్చేది ఏమీ లేదు.

నా సందేహం ఇది. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేపను రాష్ట్ర వృక్షంగా, మల్లెను రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. మల్లెకు నేను వ్యతిరేకిని కాను. విజయవాడ వేసవి సాయంత్రాలు ఎరిగినవాడెవడూ కాలేడు. కానీ తెలుగు సంవత్సరం మొదటి రోజున, జాతి, కులం, ఆస్తి అనే తేడా లేకుండా ఇంటింటా నోట పెట్టుకునే పువ్వు వేపపువ్వు ఒక్కటే. చెట్టును మన గుర్తుగా చెప్పుకుంటూ దాని పువ్వును దొరకని వస్తువుగా మార్చుకున్న మనకు, ఆ గుర్తుతో నిజంగా ఏమైనా సంబంధం మిగిలి ఉన్నదా? పెద్దలు, శాస్త్రం తెలిసినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

బ్రాడీపేట అధ్యాపకురాలు (గుంటూరు, విశ్రాంత)

మీ అమ్మగారి మాట మనసుకు తగిలింది. అయితే ఈ సంవత్సరం పువ్వు దొరకకపోవడానికి నరికివేత ఒక్కటే కారణం కాదు, పంచాంగం కూడా ఒక కారణం.

వేప శిశిరంలో ఆకు రాల్చి, ఎర్రని లేత చిగురు వేసి, ఆ చిగురుతోపాటే పూత పెడుతుంది. మన కృష్ణా, గుంటూరు ప్రాంతంలో ఎక్కువ చెట్లు నిండుగా పూసేది మార్చి నెలాఖరు నుంచి ఏప్రిల్ వరకు. చెట్టు అనుసరించేది ఎండను. ఉగాది అనుసరించేది చంద్రుణ్ణి. 2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది కనుక ఏ కొమ్మ వంచినా పువ్వే. 2025లో మార్చి 30న వచ్చింది, అప్పుడూ ఇబ్బంది లేదు. ఈ సంవత్సరం, అంటే 2026లో, మార్చి 19కే వచ్చింది. చాలా చెట్లు అప్పటికి మొగ్గ మీదనే ఉన్నాయి. ఈ ఏడాది అధిక జ్యేష్ఠం అనే అదనపు నెల ఉన్నందువల్ల వచ్చే ఉగాది మళ్లీ ఆలస్యమై ఏప్రిల్ 7న పడుతుంది. మీరు ఈ వారాంతంలో ఏదైనా పెద్ద వేపచెట్టు కిందికి తెల్లవారుజామున వెళ్లి చూడండి, తేనె వాసన వస్తుంది. కింద శుభ్రమైన పంచె పరిచి ఒక గంట ఆగితే మీకు కావలసినంత పువ్వు రాలుతుంది. నీడన ఆరబెట్టి సీసాలో పోసుకుంటే వచ్చే ఉగాది దాకా చారుకు, పొడికి సరిపోతుంది. మా చిన్నతనంలో ముందుగా వచ్చే ఉగాదులకు కిందటి ఏటి ఎండుపువ్వునే వాడేవారు. అది లోటుగా ఎవరూ భావించలేదు.

వేపను మనం చేదు ఆకుగా, నీడగా, పందుంపుల్లగా చూస్తాము తప్ప పూల చెట్టుగా చూడము. ఆ చిన్న తెల్ల పువ్వును గురించి ఏడాదిలో ఒక్క రోజే మాట్లాడుకుంటాము. మీ అసలు ప్రశ్నకు తరువాత వస్తాను.

మిరప రైతు (గుంటూరు జిల్లా)

అధ్యాపకురాలు గారు చెప్పిన పంచాంగం లెక్క సరైనదే గానీ, 2021ని మరచిపోకూడదు. ఆ ఏడాది వర్షాలు వెనకబట్టిన తరువాత మా పొలాల గట్ల మీది వేపచెట్లు పైకొమ్మల నుంచి మాడిపోవడం మొదలైంది. ముందు చివురు కొమ్మలు, తరువాత మండలు, చివరకు చెట్టంతా నిప్పు తగిలినట్లు గోధుమ రంగుకు తిరిగింది. తెలంగాణలో మొదట చూశారు, తరువాత మన వైపూ అదే కథ. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు టీ దోమ అనే రసం పీల్చే పురుగు కలిసి చేసిన పని అని శాస్త్రవేత్తలు చెప్పారు. ఊళ్లో మాత్రం అమ్మవారికి కోపం వచ్చిందన్నారు. మా గంగానమ్మ గుడి వేపచెట్టు కూడా మాడేసరికి ఆ మాటకు బలం వచ్చింది.

అదే పంటకాలంలో మిరపకు నల్ల తామర పురుగు వచ్చింది. పువ్వులోనే కూర్చొని పూతంతా రాల్చేసింది. ఏ మందుకూ లొంగకపోతే అందరమూ వేపనూనె డబ్బాల కోసం దుకాణాల ముందు నిలబడ్డాము. పొలంలో వేపనూనె పిచికారీ చేస్తూ తల ఎత్తి చూస్తే, గట్టు మీద వేపచెట్టే చచ్చిపోతున్నట్లు ఉంది. ఆ దృశ్యం ఇప్పటికీ నా కళ్లముందు ఉంది.

చాలా చెట్లు తరువాతి ఎండాకాలానికి మళ్లీ చిగిర్చాయి. తొందరపడి నరికించినవారే నష్టపోయారు. మా గట్టు మీది నాలుగింటిలో ఒకటి పోయింది, మూడు బతికాయి. గంగానమ్మ చెట్టు బతికింది.

కృష్ణాతీరం (విజయవాడ)

చర్చ మంచి దారిలో సాగుతున్నది గానీ, ఒక భిన్నాభిప్రాయం చెప్పడానికి అనుమతించండి. ఒక ప్రాంతానికి గుర్తుగా ఎంచుకునే చెట్టు ఆ ప్రాంతాన్ని ఇతర ప్రాంతాల నుంచి వేరు చేసి చూపించగలగాలి. శ్రీలంక తన జాతీయ వృక్షంగా నాగకేసరాన్ని ఎంచుకున్నది. థాయిలాండ్ రేల పువ్వును జాతీయ పుష్పంగా చేసుకున్నది. అదే పువ్వు కేరళకు రాష్ట్ర పుష్పం, విషు పండుగనాడు తెల్లవారగానే చూసే కణి అనే మంగళ వస్తువుల పళ్లెంలో అది తప్పనిసరి. తెలంగాణ 2014లో జమ్మిని, తంగేడును ఎంచుకున్నప్పుడు దాని వెనుక ఒక ఆలోచన కనిపిస్తుంది: జమ్మి లేకుండా వారి దసరా లేదు, తంగేడు లేకుండా బతుకమ్మ లేదు. మనమేమి చేశాము? ఉమ్మడి రాష్ట్రంలో ఉన్న వేపను ఉన్నచోటనే ఉంచి, కలువను మల్లెగా, పాలపిట్టను రామచిలుకగా మార్చాము. వేప మనం ఎంచుకున్నది కాదు, మనకు మిగిలినది.

పైగా వేప ఎక్కడ లేదు? సింధులో అది అక్కడి రాష్ట్ర వృక్షం. ఆఫ్రికా తూర్పు తీరంలో స్వాహిలీ భాష మాట్లాడేవారు దాన్ని నలభై రోగాలు కుదిర్చే చెట్టు అనే అర్థంలో మ్వారొబయిని అంటారు. హజ్ యాత్రికులు నిలిచే అరఫాత్ మైదానంలో నీడ కోసం వేలకొద్దీ వేపచెట్లు పెంచారు. అందరిదీ అయిన చెట్టు మన ఒక్కరి గుర్తు ఎలా అవుతుంది? నన్ను అడిగితే మోదుగ సరైన ఎంపిక. నల్లమల మీద ఫాల్గుణంలో ఆకు లేకుండా నిప్పులా పూస్తుంది, దాని ఆకుతో విస్తళ్లు కుట్టుకున్నాము, ఉపనయనంలో వటువు చేతి దండం మోదుగది, వసంతోత్సవపు రంగు మోదుగపువ్వుది. పూల చెట్టు అంటే అలా ఉండాలి.

బందరు కాలువ గట్టు (విజయవాడ)

కృష్ణాతీరం గారూ, మీరు చెప్పిన కొలబద్దతోనే కొలిస్తే మోదుగ కూడా నిలవదు కదండీ. అది ఇప్పటికే ఉత్తరప్రదేశ్‌కూ ఝార్ఖండ్‌కూ రాష్ట్ర పుష్పం. బెంగాల్‌లో ప్లాసీ అనే ఊరికి ఆ పేరు వచ్చిందే పలాశం నుంచి. 1757 యుద్ధం పేరులోనే ఆ చెట్టు ఉంది. అంత దూరం వెళ్లి మరొకరి పువ్వును తెచ్చుకోవడం ఎందుకు?

పుట్టిల్లు మదురై, మెట్టిల్లు గుంటూరు

నేను ఈ వేదికలో తరచుగా రాయను. కానీ ఈ విషయంలో ఊరుకోలేకపోతున్నాను, ఎందుకంటే వేపపువ్వు మా పాండ్యులది.

నవ్వులాటకు అనడం లేదు. సంగం కాలపు తమిళ కవిత్వంలో ముగ్గురు రాజవంశాల వారికీ ఒక్కొక్క పూమాల చెప్పారు. చేరులు తాటిపూత ధరించేవారు, చోళులు ఆత్తి అనే ఆరె పువ్వు ధరించేవారు, పాండ్యులు వేపపువ్వు ధరించేవారు. యుద్ధభూమిలో ఎవరు ఏ రాజు పక్షమో పువ్వును బట్టి తెలిసేదట. తమిళ సంవత్సరాదికి మా పుట్టింట్లో వేపపువ్వు, మామిడికాయ, బెల్లం వేసి పచ్చడి చేస్తారు. అయితే అది ఉడికించిన గట్టి పచ్చడి, ఇక్కడిలా గ్లాసుతో తాగేది కాదు. పెళ్లయిన కొత్తలో మా అత్తగారు ఉగాదినాడు పరగడుపున పచ్చడి గిన్నె చేతికిస్తే, చెంచా కోసం వెతుక్కున్నాను. ఆమె నవ్వి, "అమ్మాయీ, ఇది తాగాలి" అన్నారు.

కన్నడిగులు బేవు బెల్ల అని వేప, బెల్లం కలిపి తింటారు. మరాఠీలు గుడిపాడ్వానాడు వేపాకు, బెల్లం తింటారు. తెలుగులో వేప, వేము, తమిళంలో వేంబు, కన్నడంలో బేవు, మలయాళంలో వేప్పు. ఒకే మాట నలుగురి నోట నాలుగు విధాలుగా పలికింది. కనుక కృష్ణాతీరం గారు అడిగినట్లు వేరుచేసి చూపే చెట్టు ఇది కాదు. అయితే మీ పచ్చడి మా పచ్చడి కాదు, మా పచ్చడి వారి బేవు బెల్ల కాదు. చెట్టు ఒకటే అయినా దాని దగ్గరికి వెళ్లే దారి ఎవరిది వారిదే.

కృష్ణాతీరం (విజయవాడ)

పాండ్యుల సంగతి నాకు కొత్త. మోదుగ విషయంలో నా మాట వెనక్కు తీసుకుంటున్నాను; వేప విషయంలో ఇంకా తీసుకోలేదు. ఒక పండుగనాడు చెంచాడు పువ్వు తినడం వల్ల చెట్టు మన గుర్తు అయిపోతుందని ఎవరైనా వాదిస్తే, ఆ లెక్కన చింతచెట్టుకూ అదే అర్హత ఉంది. మన చారు, పులుసు, పచ్చడి ఏదీ చింతపండు లేకుండా లేదు.

బ్రాడీపేట అధ్యాపకురాలు (గుంటూరు, విశ్రాంత)

చింతచెట్టు ఆఫ్రికా నుంచి వచ్చినది, కృష్ణాతీరం గారూ. ఎంత పాత చుట్టమైనా చుట్టమే. మిరపకాయ గురించి గుంటూరులో కూర్చొని చెప్పడం ప్రమాదం గానీ, అది కూడా అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు ఓడల్లో దిగినదే. ఉగాది పచ్చడిలో కారం కంటే చేదు పాతదని నేను పిల్లలకు చెప్పేదాన్ని.

వేప పుట్టినచోటు అస్సాం, బర్మా వైపు అడవులని కొందరు వృక్షశాస్త్రజ్ఞుల అభిప్రాయం. మన దక్కను మెట్ట అడవులు కూడా దాని సొంత నేలే అని మరికొందరంటారు. నేను ఆ వాదనలోకి దిగను. మదురై సోదరి ఇచ్చిన మాటల వరుసే నాకు చాలు. పొరుగు నుంచి నిన్నమొన్న వచ్చిన చెట్టుకు నాలుగు సోదర భాషల్లో ఒకే తల్లి మాట ఉండదు. తురకవేప అని వేరే చెట్టు ఉంది, దానికి మనవారు ఆ పేరు పెట్టినప్పుడు అసలు వేప తమ ఇంటిదన్న నమ్మకంతోనే పెట్టారు. కరివేపాకు పేరులోనూ వేపే ఉంది. కొత్త చెట్టు కనిపించినప్పుడల్లా దాన్ని వేపతో పోల్చి పేరు పెట్టారంటే, కొలతగా ఉన్న చెట్టు ఏదో తెలుస్తున్నది.

ఇక గుర్తు సంగతి. వేప మనదా కాదా అన్న ప్రశ్న ఒకసారి నిజంగానే న్యాయవిచారణకు వెళ్లింది. అమెరికా వ్యవసాయ శాఖ, అక్కడి డబ్ల్యు.ఆర్. గ్రేస్ అనే రసాయన సంస్థ కలిసి వేపనూనెతో మొక్కల శిలీంధ్రాలను అరికట్టే పద్ధతి మీద ఐరోపా పేటెంటు కార్యాలయం నుంచి 1994లో పేటెంటు పొందాయి. మన పర్యావరణవేత్త వందనా శివ, ఐరోపా పార్లమెంటు సభ్యురాలు మాగ్డా ఆల్‌ఫుట్, సేంద్రియ వ్యవసాయ ఉద్యమాల అంతర్జాతీయ సమాఖ్య కలిసి అభ్యంతరం దాఖలు చేశారు. 2000 మే నెలలో ఆ పేటెంటు రద్దయింది. దాని మీద వేసిన అప్పీలు కూడా 2005 మార్చి 8న వీగిపోయింది. అక్కడ ఎవరూ వేప భారతదేశపు పవిత్ర వృక్షం కనుక మాకు ఇవ్వండి అని అడిగి గెలవలేదు. మీరు కొత్తగా కనిపెట్టామంటున్నది మా దేశంలో ముందే వాడుకలో ఉన్నదని చూపించి గెలిచారు. నిలబెట్టింది వాడుక. ప్రభుత్వ ఉత్తర్వు ఉన్నా వాడుక లేకపోతే ఆ పేటెంటు కార్యాలయం ఉన్న మ్యూనిచ్‌లో మనకు చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. (శిలీంధ్రాలను చంపే నూనె మీద అంత పోరాటం జరిగిన చెట్టును 2021లో ఒక శిలీంధ్రమే మాడ్చివేయడం విధి వైపరీత్యం.)

కాబట్టి వాసి గారి ప్రశ్నకు నా సమాధానం: మల్లె రాష్ట్ర పుష్పంగా ఉండనివ్వండి. మల్లెను కొనుక్కుంటాము, తలలో పెట్టుకుంటాము. వేపపువ్వు కొనుక్కోవలసిన వస్తువు కాదు. వీధిలో అందరికీ అందే కొమ్మ ఉన్నంతవరకే దానికి ఆ స్థానం. కొమ్మ పోయి గంపలోకి వచ్చిన రోజున అది కూడా ఇంకొక పూజా ద్రవ్యం అవుతుంది, అంతే.

మిరప రైతు (గుంటూరు జిల్లా)

వాడుక అన్నారు కనుక చెబుతున్నాను. మా వైపు ప్రకృతి వ్యవసాయం చేసేవారు, రైతు సాధికార సంస్థ కార్యక్రమం 2016లో మొదలైనప్పటి నుంచి, నీమాస్త్రం చేస్తున్నారు. అయిదు కిలోల వేపాకు నూరి, అయిదు లీటర్ల ఆవు మూత్రం, కొంత పేడ, వంద లీటర్ల నీటిలో కలిపి ఒక రోజు ఉంచి వడకడతారు. దానికంటే పాతది వేపగింజల కషాయం. వంద లీటర్ల నీటికి అయిదు కిలోల గింజల పొడి. ఆకు తినే పురుగులను, రసం పీల్చే వాటిని ఆదిలో కొడితే పనిచేస్తుంది, ముదిరాక కొడితే పనిచేయదు. ఇది చంపే మందు కాదు, పురుగుకు తిండి సహించకుండా చేసేది. యూరియా బస్తా కొన్నా దాని మీద వేపపూత అని రాసి ఉంటుంది. 2015 నుంచి దేశంలో యూరియా అంతా వేపనూనె పూసిందే కదా. ఆ పూత వల్ల నత్రజని నేలలో నెమ్మదిగా విడుదలవుతుంది. చిత్రమేమిటంటే, వేపపూత అనగానే ఊళ్లో చిన్నవాళ్లకు ఇప్పుడు పువ్వు గుర్తుకు రాదు, యూరియా గుర్తుకు వస్తుంది.

కృష్ణాతీరం గారు చెంచాడు పువ్వు అన్నారు. మాకు అది ఏడాది పొడుగునా బస్తాలు, డబ్బాలు, గట్లు.

కృష్ణాతీరం (విజయవాడ)

రైతు గారి చివరి వాక్యానికి నా దగ్గర జవాబు లేదు. మేడ మీద ఉండేవాడిని కనుక పండుగనాడు మాత్రమే వేప కనిపిస్తున్నది నాకు. ఒక్క మాట మాత్రం మిగిలి ఉంది: వేమన్న ఒక పద్యంలో పాలు పోసి పెంచినా వేము చేదు విడవదన్నాడు, మరొక దానిలో తినగా తినగా తియ్యగా ఉంటుందన్నాడు. రెండింటిలో ఏది నమ్మమంటారు?

బ్రాడీపేట అధ్యాపకురాలు (గుంటూరు, విశ్రాంత)

మొదటిది చెట్టు గురించి చెప్పాడు, రెండవది తినేవాడి గురించి చెప్పాడు. తగవు లేదు.

సత్యనారాయణపురం వాసి (విజయవాడ)

అందరికీ కృతజ్ఞతలు. అధ్యాపకురాలు గారు చెప్పినట్లు ఆదివారం తెల్లవారుజామున మా మేనమామ గారి ఊరికి వెళ్లి, వారి పెరటి చెట్టు కింద పంచె పరిచాను. నిజంగానే తేనె వాసన. గంటలో రెండు దోసిళ్ల పువ్వు రాలింది. అమ్మగారు దాన్ని చూసి, పండుగ వెళ్లిపోయినా సరే అని ఆ రోజు మళ్లీ పచ్చడి కలిపారు.

మా వీధిలో కొట్టేసిన చెట్టు స్థానంలో ఒక వేపమొక్క నాటాలని నలుగురం అనుకున్నాము. నర్సరీలో అడిగితే అలంకరణ మొక్కలు చూపిస్తున్నారు. గింజ తెచ్చి మేమే మొలిపించుకోవచ్చునా? ఎప్పుడు, ఎలా?

మిరప రైతు (గుంటూరు జిల్లా)

మొలిపించుకోవచ్చు. వేపపండ్లు పసుపు రంగు తిరిగి రాలడం జూన్‌లో మొదలవుతుంది. నేల మీద ఎండిపోయిన పాత గింజలు ఏరవద్దు. చెట్టు మీద పండినవి, లేదా ఆ రోజే రాలినవి తీసుకోండి. గుజ్జు కడిగి, నీడలో ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి వెంటనే కవర్లలో వేయాలి. వేపగింజకు నిల్వ ఉండే గుణం లేదు. వారాలు గడిచేకొద్దీ మొలక శాతం పడిపోతుంది, డబ్బాలో పోసి దీపావళికి నాటుదామంటే ఒకటీ రాదు. రెండు వారాల్లో మొలక కనిపిస్తుంది. మొదటి ఏడాది నీళ్లు నిలవకుండా చూసుకోండి, తొలి రెండు వేసవులు మేకల నుంచి కాపాడండి, తరువాత దాని సంగతి అదే చూసుకుంటుంది. పూత మాత్రం మొక్క అయిదేళ్ల వయసుకు అటూ ఇటూగా మొదలవుతుంది, తొందరపడవద్దు.

గంగానమ్మ గుడి చెట్టు గింజలు కావాలంటే జూన్ నెలాఖరులో ఇక్కడే ఒక మాట రాయండి. గుంటూరు బస్టాండు దాకా తెచ్చి ఇస్తాను.

సత్యనారాయణపురం వాసి (విజయవాడ)

ఆ చెట్టువే కావాలండీ. జూన్‌లో రాస్తాను.